అవమానం తర్వాత వెలిగే సిగరెట్



“మనసు గట్టిగా చేసుకుంటే సిగరెట్ మానడం ఎంత పని?” అని చాలామంది అంటుంటారు. మానలేని వ్యక్తిని బలహీనుడని తీర్మానిస్తారు. ఈ పాఠంలో ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దాం.

అమెరికాలో తెల్లవారికంటే నల్లజాతివారే ఎక్కువగా సిగరెట్ మానే ప్రయత్నం చేస్తున్నారు. అయినా మానగలిగేవారు వారిలోనే తక్కువ. అంటే లోటు కోరికలో లేదు. మెంథాల్ సిగరెట్లను దశాబ్దాలుగా వారి పేటల్లో ప్రత్యేకంగా ప్రచారం చేశారు. చికిత్స, సలహా అందరికీ ఒకేలా అందలేదు. వీటితోపాటు పరిశోధకులు గమనించిన మరో విషయం జాతి వివక్ష.

1. వివక్షను ఎలా కొలుస్తారు?

1997లో డేవిడ్ విలియమ్స్, ఆయన సహచరులు 9 ప్రశ్నల పట్టిక ఒకటి ప్రచురించారు. మర్యాద తగ్గించి మాట్లాడటం, దుకాణంలో సరిగా పట్టించుకోకపోవడం, తెలివి లేనివారిలా చూడటం వంటివి రోజువారీ జీవితంలో ఎంత తరచుగా ఎదురవుతాయో అందులో అడుగుతారు. రుజువులు అడగరు. ఎందుకంటే రుజువు దొరికేదాకా మన శరీరం ఆగదు. అవమానం అనిపించగానే గుండె వేగం పెరుగుతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది.

2. సిగరెట్ వైపు చెయ్యి ఎందుకు వెళ్తుంది?

పొగ పీల్చిన కొన్ని సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. హాయిగా అనిపిస్తుంది. కానీ ఆ హాయిలో ఎక్కువ భాగం, నికోటిన్ అందక పుట్టిన చిరాకు తగ్గడమే. సిగరెట్ మానిన మొదటి వారంలో ఈ చిరాకు చాలా ఎక్కువ. దానికి ఒక అవమానం కూడా తోడైతే నిలబడటం మరింత కష్టం. మానే ప్రయత్నంలో ఉన్నవారిని గమనించిన కొన్ని అమెరికా అధ్యయనాల్లో, వివక్ష ఎక్కువగా ఎదురైందన్నవారు తక్కువగా విజయం సాధించినట్లు తేలింది. వివక్షే ఏకైక కారణమని కాదు. అదీ ఒక బరువే అని.

3. మనం ఏం చేయాలి?

మన యాస విని ఎవరో నవ్వితే ఆ సంగతి ఇంట్లో చెప్పం. మింగేస్తాం. మానుతున్నది మీరే అయితే, అలాంటి రోజు కోసం ముందే సిద్ధపడండి. వెంటనే ఎవరికి ఫోన్ చేయాలో నిర్ణయించుకోండి. డాక్టరును అడిగి నికోటిన్ ప్యాచ్‌తోపాటు గమ్ కూడా వాడవచ్చు. ఒక్కదానికంటే రెండూ కలిపితే ఫలితం మెరుగు. అమెరికాలో 1-800-784-8669 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు.

మీరు తోడుగా ఉన్నవారైతే, “మళ్లీ మొదలుపెట్టావా?” అనకండి. “ఈ రోజు ఏం జరిగింది?” అని అడగండి. చెబితే, “అది నీ ఊహేలే” అని కొట్టిపారేయకండి. బయట తలదించుకుని వచ్చిన మనిషి మన మధ్య కూడా తలదించుకోకూడదు.

ఆలోచించండి:
• మీ సహవాసంలో సిగరెట్ మానాలని ప్రయత్నిస్తున్నవారు ఆ మాట ధైర్యంగా చెప్పగలరా?
• ఈ వారం మీరు ఎవరికి ఫోన్ చేసి, వారు చెప్పేది ఓపికగా వింటారు?