చీము పడితే జవాబు చెప్పాల్సింది ఎవరు?

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒకేరోజు 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నల్గొండ పొలిమేరకు దగ్గరి ఊరే. నలుగురు చనిపోయారు. ఇన్ఫెక్షనే కారణమని ప్రభుత్వ విచారణ తేల్చింది. ఆపరేషన్‌కు ముందు చర్మానికి పోవిడోన్ అయోడిన్ అనే యాంటీసెప్టిక్ రాస్తే చర్మం మీది క్రిములే చస్తాయి, అదీ మందు ఆరేదాకా ఆగితేనే. కడుపులోకి దించే లాప్రోస్కోపును మాత్రం ఒక్కో ఆపరేషన్ అయ్యాక 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు ముంచి ఉంచాలి. పళ్ల డాక్టర్ దగ్గరా ఇదే లెక్క: చిగుళ్లకు క్లోర్‌హెక్సిడిన్ అద్దినంతలో పన్ను పీకే పట్కారు శుద్ధి కాదు, దానికి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరి కనీసం 15 నిమిషాలు తగలాలి.

దేవరకొండలోనో నారాయణపేటలోనో పన్ను తీయించుకున్న మనిషికి నాలుగు రోజులకు దవడ వాచిందనుకుందాం. ‘సరిగ్గా పుక్కిలించలేదు’ అని తప్పు ఆయన మీదికే తోస్తారు. క్రిమి ఎక్కడినుంచి వచ్చిందో రోగి రుజువు చేయలేడు. నా వాదన ఏమిటంటే, అతన్ని ఆ రుజువు అడగనే కూడదు. పరికరం ఎప్పుడు ఉడికిందో, మందు సీసా ఎప్పుడు విప్పారో తెలిసింది క్లినిక్‌కే, రాసిపెట్టుకోవాల్సిందీ క్లినిక్కే. హైదరాబాద్‌లో మలేరియా రోగికి ఆసుపత్రి టైఫాయిడ్ వైద్యం చేసిందని వి. కిషన్‌రావు వేసిన కేసులో, నిపుణుడి సాక్ష్యం లేదంటూ పై వినియోగదారుల కమిషన్లు ఫిర్యాదును కొట్టేశాయి. 2010లో సుప్రీంకోర్టు ఆ తీర్పులను రద్దు చేసింది. ప్రతి కేసులోనూ నిపుణుడు అక్కర్లేదని, తప్పు తనంతట తానే కనబడుతుంటే వివరణ ఇచ్చుకోవాల్సింది ఆసుపత్రేనని చెప్పింది.

అలాగైతే ప్రతి చీముకూ డాక్టర్‌ను బోనెక్కిస్తారా అని వైద్యులు అడుగుతారు. సబబైన ప్రశ్నే. షుగర్ ఉన్నవాళ్లకు, పొగాకు మానని వాళ్లకు ఎంత శుభ్రంగా చేసినా పుండు మానకపోవచ్చు. అందుకే విచారణ చీము మీద కాదు, పద్ధతి మీద జరగాలి. ఆటోక్లేవ్ రిజిస్టర్‌లో రోజూ ఒక వరుస రాసిన డాక్టర్‌కు అదే రక్ష. పైగా 2005 నాటి సుప్రీంకోర్టు జేకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప క్రిమినల్ కేసు నిలవదు. చిన్న క్లినిక్‌కు ఇంత భారమా అంటారు కొందరు. ప్రెషర్ కుక్కర్ సూత్రంతో నడిచే యంత్రం కొనలేని చోట పన్ను పీకడమే మానుకోవాలి.

డబ్బు తీసుకున్న చోటైతే నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లా వినియోగదారుల కమిషన్లకు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకుంటే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. బిల్లు, మందుచీటీ, వాపు ఫొటోలు మొదటి వారంలోనే దాచుకోండి. వైద్యుల నియమావళి ప్రకారం రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వాసుపత్రికి 1995 నాటి సుప్రీంకోర్టు వి.పి. శాంత తీర్పు వల్ల వినియోగదారుల చట్టం వర్తించదు. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది, బీదలకే తలుపు మూసినట్టు. వాళ్లకు రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టు ఉంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ వికటిస్తే ప్రభుత్వ పరిహార పథకమూ ఉంది. ఇక మీరు కొన్న యాంటీసెప్టిక్ మీదే అనుమానముంటే, 1940 నాటి ఔషధ చట్టం 26వ సెక్షన్ కింద ఫీజు కట్టి ప్రభుత్వ విశ్లేషకుడి చేత మీరే పరీక్ష చేయించుకోవచ్చు. ఆ సీసా పారేయకండి, బ్యాచ్ నంబర్ దాని మీదే ఉంటుంది.