శీతల వాతావరణంలో ద్రవ ఎరువుల రవాణా, నిల్వ: గాఢత ఎంపిక, భద్రత

ఉత్తర అమెరికా మైదాన ప్రాంతాలలో, ముఖ్యంగా కెనడాలోని సస్కాచెవాన్, మానిటోబా, అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రాలలో, నత్రజని ఎరువును ద్రవరూపంలో వాడటం చిరకాలంగా ఆచరణలో ఉంది. పైరుకు ఆ ఎరువు అవసరమయ్యేది ప్రధానంగా వసంతకాలపు కొద్ది వారాలలోనే. కర్మాగారం మాత్రం ఏడాది పొడవునా నడుస్తూ ఉంటుంది. అందువల్ల ఉత్పత్తిలో గణనీయమైన భాగం నడి చలికాలంలోనే రైలు ట్యాంకర్లలో ప్రయాణించి, ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ వరకు పడిపోయే ప్రదేశాలలో నెలల తరబడి నిల్వ ఉండవలసి వస్తుంది. ఈ పరిస్థితిలో తలెత్తే సమస్యలను సాధారణంగా వేడి చేయడం ద్వారా పరిష్కరించుకోవచ్చునని భావిస్తారు. అయితే వేడి చేయవలసిన స్థితి వచ్చిందంటే, అంతకు ముందే, సరుకు కర్మాగారం దాటకముందే, గాఢత ఎంపికలో పొరపాటు జరిగిందని అర్థం చేసుకోవాలి.

స్ఫటికాలు విడిపోవడం

యూరియా, అమ్మోనియం నైట్రేట్ లవణాలను నీటిలో కలిపి తయారుచేసే ద్రావణాన్ని యు.ఏ.ఎన్. అని వ్యవహరిస్తారు. ఇది 28, 30, 32 శాతం నత్రజని గల మూడు రకాలుగా లభిస్తుంది. 28 శాతం రకంలో బరువు ప్రకారం సుమారు 40 పాళ్లు అమ్మోనియం నైట్రేట్, 30 పాళ్లు యూరియా, 30 పాళ్లు నీరు ఉంటాయి. 32 శాతం రకంలో నీరు 20 పాళ్లు మాత్రమే. ఈ 10 పాళ్ల నీటి తేడాయే చలికాలపు ప్రవర్తనను నిర్ణయిస్తుంది. 32 శాతం ద్రావణంలో మైనస్ 2 డిగ్రీల సెల్సియస్ పరిసరాల్లోనే లవణ స్ఫటికాలు విడిపోవడం ఆరంభమవుతుంది. 30 శాతం ద్రావణానికి ఈ హద్దు సుమారు మైనస్ 10 డిగ్రీలు కాగా, 28 శాతం ద్రావణానికి సుమారు మైనస్ 18 డిగ్రీలు.

ఇది నీరు మంచుగా మారడం వంటిది కాదు. ట్యాంకులోని సరుకు అంతా ఒక్కసారిగా గడ్డకట్టదు. చల్లబడిన ద్రవం కరిగించి ఉంచుకోలేని లవణం స్ఫటికాలుగా విడివడి అడుగుకు చేరుతుంది. పైన మిగిలిన ద్రవం చూపులకు యథాతథంగానే ఉంటుంది, కానీ దానిలోని నత్రజని శాతం ప్రకటించిన దానికన్నా తగ్గిపోతుంది. అడుగు నుండి తోడితే వడపోత జాలీలు, పంపులు మూసుకుపోతాయి. పైనుండి తోడితే రైతుకు పలుచని ఎరువు చేరుతుంది. ఒకే ట్యాంకు నుండి మొదట నింపుకున్న వారికీ చివర నింపుకున్న వారికీ వేరువేరు ఎరువు అందుతుంది. పొలంలో పసుపుపచ్చని చారలుగా కనిపించే నత్రజని లోపానికి విత్తనాన్నో నేలనో తప్పుపట్టే ముందు నిల్వ ట్యాంకును పరిశీలించడం సమంజసం.

ఈ వేరుపాటును గుర్తించడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ట్యాంకు పైభాగం, మధ్యభాగం, అడుగుభాగం నుండి విడివిడిగా నమూనాలు తీసి హైడ్రోమీటరుతో సాపేక్ష సాంద్రతను కొలవాలి. 15 డిగ్రీల వద్ద 28 శాతం ద్రావణపు సాంద్రత 1.28 పరిసరాలలోను, 32 శాతం ద్రావణపు సాంద్రత 1.33 చేరువలోను ఉంటుంది. ఉష్ణోగ్రతకు తగిన సవరణ చేసిన తరువాత కూడా మూడు నమూనాల మధ్య తేడా కనిపిస్తే స్ఫటికాలు విడిపోయాయని గ్రహించాలి. ఇక్కడ మరొక విషయం గమనార్హం. నీటి కోసం తయారైన సాధారణ ప్లాస్టిక్ ట్యాంకు గోడలు ఇంత బరువైన ద్రవాన్ని దృష్టిలో ఉంచుకుని రూపొందినవి కావు.

గాఢతను నిర్ణయించే లెక్క

ఒక టన్ను నత్రజనిని చేరవేయడానికి 32 శాతం ద్రావణమైతే 3.125 టన్నులు, 28 శాతమైతే 3.571 టన్నులు మోయాలి. అంటే దాదాపు 14 శాతం అదనపు బరువు, అదంతా నీరే. రవాణా ఖర్చు భరించేవారు 32 శాతం వైపు మొగ్గడంలో ఆశ్చర్యం లేదు. కనుక ఆచరణీయమైన మార్గం ఏమిటంటే, చలి ఇంకా ముదరని శరదృతువులో 32 శాతం సరుకును తెచ్చి, నిల్వ కేంద్రంలో నీరు కలిపి 28 శాతానికి దించడం. ఒక టన్ను 32 శాతం ద్రావణానికి సుమారు 143 కిలోల నీరు కలిపితే 1,143 కిలోల 28 శాతం ద్రావణం లభిస్తుంది. అయితే నీరు తేలికైనది కాబట్టి పైన పోసి వదిలివేస్తే పై పొరగానే నిలిచిపోయి, చలి రాగానే మంచుగా మారుతుంది. అడుగు నుండి తోడి పైన పోస్తూ ద్రావణాన్ని పంపుతో తిప్పాలి. మూడు ఎత్తుల నమూనాలు ఏకీభవించే వరకు ఈ పని సాగాలి.

గాఢతను నిర్ణయించేటప్పుడు బయలుదేరే చోటి ఉష్ణోగ్రతను గాని, గమ్యస్థానపు సగటు ఉష్ణోగ్రతను గాని ప్రమాణంగా తీసుకోరాదు. దారి పొడవునా, నిల్వకాలం పొడవునా ఎదురుకాగల అతితక్కువ ఉష్ణోగ్రతే ప్రమాణం. పెద్ద ట్యాంకులోని ద్రవం నెమ్మదిగా చల్లబడుతుంది గనుక ఒక్క చలిరాత్రికి ఏమీ కాకపోవచ్చు. దాని నుండి బయటకు వచ్చే సన్నని గొట్టం మాత్రం కొద్ది గంటలలోనే బయటి ఉష్ణోగ్రతకు చేరుకుంటుంది. అడ్డంకులు ముందుగా ఏర్పడేది అక్కడే.

గొట్టంలో స్ఫటికాలు బిగిసినప్పుడు మంటతో కాల్చి వదిలించబోవడం అత్యంత ప్రమాదకరం. ఆ స్ఫటికాలలో అమ్మోనియం నైట్రేట్ ఉంటుంది. రెండు వైపులా మూసుకుపోయిన గొట్టంలో దానిని తీవ్రంగా వేడి చేస్తే వాయువులు వెలువడి, బయటకు దారిలేక పీడనం పెరుగుతుంది. గొట్టం పగలవచ్చు, పేలుడు సైతం సంభవించవచ్చు. గోరువెచ్చని నీటిని గొట్టం వెలుపల పోస్తూ, తెరిచి ఉన్న చివర నుండి మొదలుపెట్టి క్రమంగా లోపలికి సాగాలి. అవశేషాలను కడిగివేయనిదే ఆ గొట్టంపై వెల్డింగు పని చేపట్టరాదు.

పలుచబరిస్తే చలిని తట్టుకుంటుందన్న సూత్రం అన్ని ద్రవాలకూ వర్తించదు. ఫాస్ఫేట్ ఎరువుల తయారీలో వాడే సల్ఫ్యూరిక్ ఆమ్లం ఇందుకు చక్కని ఉదాహరణ. 98 శాతం ఆమ్లం సున్నా డిగ్రీల పరిసరాల్లోనే ఘనీభవిస్తుంది. 93 శాతం ఆమ్లం దాదాపు మైనస్ 30 డిగ్రీల వరకు ద్రవంగానే ఉంటుంది. చలిదేశాలలో శీతాకాలపు రవాణాకు 93 శాతం ఆమ్లాన్ని ఎంచుకోవడానికి కారణం ఇదే. కానీ ఇంకా పలుచబరచి 84.5 శాతానికి తెస్తే ఘనీభవన స్థానం ఒక్కసారిగా 8.5 డిగ్రీలకు ఎగబాకుతుంది. పైగా పలుచబడిన ఆమ్లం ఉక్కును తినివేసి హైడ్రోజన్ వాయువును పుట్టిస్తుంది. ఈ ఆమ్లం గాలిలోని తేమను సహజంగానే పీల్చుకుంటుంది కనుక ట్యాంకు మూతలు, గాలి గొట్టాల విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం.

నిర్జల అమ్మోనియా

నిర్జల అమ్మోనియా మైనస్ 33 డిగ్రీల వద్ద మరుగుతుంది, మైనస్ 78 డిగ్రీల వరకు ఘనీభవించదు. కాబట్టి గడ్డకట్టే సమస్య లేదు. ఇక్కడ చలి మోసం చేసేది పీడనం రూపంలో. 30 డిగ్రీల వద్ద దాని బాష్ప పీడనం సుమారు 11.7 బార్లు, సున్నా వద్ద 4.3 బార్లు, మైనస్ 20 వద్ద 1.9 బార్లు మాత్రమే. వాతావరణ పీడనమే సుమారు ఒక బారు. అంటే గడ్డు చలిలో పీడనమాపకపు ముల్లు సున్నాకు చేరువగా నిలిచినా ట్యాంకులో ద్రవం నిండుగా ఉండవచ్చు. ముల్లును చూసి ఖాళీ అయిందనుకుని బిగింపులు విప్పడం ప్రాణాంతకం. అలాగే చలిలో నింపిన సరుకు వేడెక్కినప్పుడు వ్యాకోచిస్తుంది. సున్నా డిగ్రీల వద్ద ట్యాంకులో 85 శాతం వరకు నింపిన అమ్మోనియా, 30 డిగ్రీలకు చేరేసరికి సుమారు 91 శాతం ఆక్రమిస్తుంది. రెండు వాల్వుల మధ్య గొట్టంలో చిక్కుకున్న ద్రవానికి ఆ ఖాళీ కూడా ఉండదు. అందుకే అటువంటి ప్రతి గొట్టానికీ పీడన విమోచన వాల్వు తప్పనిసరి.

2002 జనవరి 18వ తేదీ రాత్రి ఒంటిగంటన్నర దాటిన తరువాత ఉత్తర డకోటాలోని మైనాట్ పట్టణ శివార్లలో జరిగిన ప్రమాదం ఈ విషయంలో ముఖ్యమైన పాఠం. 112 బండ్ల గూడ్సు రైలులో 31 బండ్లు పట్టాలు తప్పగా, అమ్మోనియా నింపిన 5 ట్యాంకర్లు పూర్తిగా బద్దలయ్యాయి. వాటి నుండి దాదాపు 1,46,700 గ్యాలన్లు, అంటే సుమారు 5.5 లక్షల లీటర్ల అమ్మోనియా ఒక్కసారిగా బయటపడింది. ఆవిరి మేఘం కమ్మిన ప్రాంతంలో సుమారు 11,600 మంది నివసిస్తున్నారు. ఒకరు మరణించారు, 11 మంది తీవ్రంగా గాయపడ్డారు. పట్టాల అతుకు పలకలలోని పగుళ్లను ముందుగా గుర్తించలేకపోవడమే కారణమని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది. ఆ ట్యాంకర్లు 1989కి ముందు, నార్మలైజింగ్ అనే ఉష్ణోపచారం చేయని ఉక్కుతో తయారైనవి. అటువంటి ఉక్కు గడ్డు చలిలో సాగే గుణం కోల్పోయి పెళుసుబారుతుంది. దెబ్బ తగిలితే సొట్టపడటానికి బదులు గాజువలె పగులుతుంది. చలిలో ద్రవం స్థితి గురించి ఎంత ఆలోచించినా, దానిని మోసే లోహం స్థితిని విస్మరిస్తే ఫలితం ఏమిటో ఈ సంఘటన తెలియజేస్తుంది.

చిన్నవిగా తోచే జాగ్రత్తలు

వాతావరణ పీడనం వద్ద పనిచేసే ట్యాంకులకు గాలి గొట్టమే ఊపిరి. తేమ దాని మూతి వద్ద మంచుగా పేరుకుని మూసుకుపోతే, పంపు ద్రవాన్ని తోడేకొద్దీ లోపల శూన్యం ఏర్పడి ట్యాంకు లోనికి కుప్పకూలుతుంది. తోడటం ఆరంభించే ముందు గాలి గొట్టం తెరిచి ఉన్నదో లేదో స్వయంగా ఎక్కి చూడటం తప్ప వేరే మార్గం లేదు. కడిగిన తరువాత పంపులలో, వాల్వులలో మిగిలిన నీటిని పూర్తిగా వంపివేయాలి. ఇత్తడి, రాగి భాగాలను యు.ఏ.ఎన్., అమ్మోనియా రెండూ తినివేస్తాయి కాబట్టి వాటిని ఏ కాలంలోనూ వాడరాదు.

తెలుగు రాష్ట్రాలలో ఈ స్థాయి చలి లేకపోయినా విషయం పూర్తిగా దూరమైనది కాదు. 50 శాతం కాస్టిక్ సోడా ద్రావణం 12 డిగ్రీల పరిసరాల్లోనే గడ్డకడుతుంది. ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలలో డిసెంబరు, జనవరి రాత్రులు అంతకన్నా చల్లగా ఉండటం సాధారణమే. 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లపు ఘనీభవన స్థానం 21 డిగ్రీలు. అది అతిశీతల ద్రవంగా చాలాకాలం నిలిచి, చిన్న స్ఫటికం తగలగానే హఠాత్తుగా గట్టిపడగలదు. డబ్బాలో గడ్డకట్టిన ఆమ్లాన్ని చెడిపోయిందని పారబోయనక్కరలేదు. మూత వదులు చేసి వెచ్చని నీటి తొట్టిలో ఉంచితే కరుగుతుంది.

అమ్మోనియా వాహనం వెంట కళ్లు, చర్మం కడుక్కోవడానికి కనీసం 5 గ్యాలన్ల, అంటే సుమారు 19 లీటర్ల శుభ్రమైన నీరు ఉంచాలన్నది అమెరికాలో నిబంధన. కంటిలో అమ్మోనియా పడితే మొదటి క్షణాలలోనే కడగడం ఆరంభించి, కనీసం 15 నిమిషాలు కొనసాగించాలి. మైనస్ 20 డిగ్రీలలో నిలిపిన వాహనంపై ఆ నీరు తెల్లవారేసరికి మంచుగడ్డగా మారుతుంది. కాబట్టి ప్రతి ఉదయం పని మొదలుపెట్టే ముందు ఆ పాత్రను ఖాళీ చేసి, తాజా నీటితో నింపి, వాహనం వెచ్చని గదిలో ఉంచాలి.