హోర్డింగుపై గాలి ఒత్తిడి ఎంత?

ప్రశ్న: చిలకలూరిపేటలో జాతీయ రహదారి పక్కన 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల హోర్డింగుకు గాలి తాకిడిని ఎలా లెక్కించాలి?

జవాబు: భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 మూడవ భాగం విజయవాడకు నిర్దేశించిన మూల గాలివేగం, అనగా సగటున 50 ఏళ్లకొకసారి రాగల ఈదురుగాలి వేగం, సెకనుకు 50 మీటర్లు కాగా, దానినే ఇక్కడికీ తీసుకొని, ఆ వేగపు వర్గాన్ని 0.6తో హెచ్చిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్ల పీడనం వస్తుంది. ఎత్తు, పరిసరాలు, ఆయుర్దాయాలను బట్టి దీనిని సవరించవలసి ఉన్నా, 18 చదరపు మీటర్ల పలకకు 1.2 బల గుణకంతో తోపుడు సుమారు 3.3 టన్నులు. పలక మధ్యభాగం నేలకు 6 మీటర్ల ఎత్తున ఉంటే, స్తంభాల మొదట సుమారు 20 టన్ను-మీటర్ల భ్రామకం, అంటే కూలదోసే తిప్పుడు ప్రభావం, పనిచేస్తుంది. కనుక ఇనుప చట్రం కంటే పునాదిపైనే ఎక్కువ శ్రద్ధ అవసరం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తీరం దాటిన బాపట్ల ఇక్కడికి దగ్గరే కావడం వల్ల ఈ లెక్కను తగ్గించరాదు.