కార్తికమాసపు వానయు, కొండసీమకు వాతావరణ సూచనయు

బనగానపల్లెకు పడమట ఎఱ్ఱమల కొండలు, తూర్పున నల్లమల కొండలు కలవు. ఈ రెంటి నడుమ కుందూనది పారు నల్లరేగడి మైదానము మన సీమ. దసరా దాటి కార్తికమాసము వచ్చునప్పటికి ఆకాశము తేటపడును, వాగులు సన్నగిల్లును, వానకాలము ముగిసినదని జనులు తలంతురు. కాని సంవత్సరమంతటిలో మనలను మిక్కిలి ఏమరించు కాలమిదియే. తలపై చినుకైనను పడకుండగనే, దాటుచున్న వాగునకు వరద వచ్చి బండ్లను, పశువులను, మనుష్యులను గొనిపోవుట కొండసీమలయందు జరుగుచుండును. ఇట్లేల జరుగును? వాతావరణ శాఖవారి సూచన దీనిని ముందుగా తెలుపగలదా? ఆ సూచనను మనమెట్లు చదువవలయును? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

గాలి దిక్కు మారుట

జూను మొదలు సెప్టెంబరు వఱకు మనకు వానలు తెచ్చునది నైరృతి ఋతుపవనము. అక్టోబరు నడుమనాటికి అది ఆంధ్రదేశమునుండి మరలిపోవును. అప్పటికి ఉత్తరభారతమున నేల చల్లబడును. సముద్రము మాత్రము తన వేడిమిని ఇంకను విడువదు. గాలి నేలమీదనుండి సముద్రముపైకి వీచి, బంగాళాఖాతమున తేమను గ్రహించి, ఈశాన్యదిక్కునుండి మన తీరమును చేరును. ఇదియే ఈశాన్య ఋతుపవనము. ఈ గాలి మనయొద్దకు వచ్చుటకు ముందు వెలికొండలను, నల్లమలను దాటవలయును. కొండలనెక్కునపుడే తన తేమలో కొంత విడిచివేయును గనుక మన మైదానమునకు సాధారణముగా చిన్న జల్లులే మిగులును. నెల్లూరుసీమలో జడివాన కురియు దినమున మన యూర ఎండ కాయుటకు ఇది యొక కారణము.

బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినపుడు ఈ క్రమము తప్పును. సముద్రపు పైనీటి వేడిమి సుమారు 26.5 డిగ్రీల సెంటీగ్రేడునకు మించియున్నచో తుపానులకు బలము చేకూరును. అక్టోబరు, నవంబరు మాసములందు ఇది సామాన్యము. దివిసీమను ముంచిన ఘోరమైన ఉప్పెన 1977 నవంబరు 19వ తేదీననే వచ్చినది. తుపాను తీరము దాటిన పిమ్మట "బలహీనపడినది" అని ప్రకటింతురు. చదువరులు ఇచట జాగ్రత్త వహింపవలయును. ఆ మాట గాలి వేగమును గూర్చినదే కాని వానను గూర్చినది కాదు. గాలి తగ్గినను తేమ తగ్గదు. ఆ మేఘములు లోపలి సీమలకు వచ్చి కొండలను తాకి మిక్కుటముగా వర్షించును.

కొండ చేయు పని

తేమగల గాలి కొండకు తగిలి పైకెగయును. పైకి పోయినకొలది చల్లబడును. సామాన్యముగా 1,000 మీటర్ల ఎత్తునకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున వేడిమి తగ్గును. బనగానపల్లె సముద్రమట్టమునకు సుమారు 200 మీటర్ల ఎత్తున నున్నది. నల్లమల శిఖరములు కొన్ని 900 మీటర్ల వఱకు లేచియున్నవి. కాబట్టి మైదానముకంటె అచట 4, 5 డిగ్రీల చలువ అధికము. చల్లబడిన గాలి తన తేమను నిలుపుకొనజాలక చినుకులుగా విడుచును. క్రింద ఉత్త మబ్బుగా కనబడునది పైన వానయగుట ఇట్లు.

ఇపుడు చిన్న లెక్క చేయుదము. చదరపు మీటరు చోటుపై 1 మిల్లీమీటరు వాన కురిసినచో అది 1 లీటరు నీరు. 10 చదరపు కిలోమీటర్ల కొండప్రదేశముపై 100 మిల్లీమీటర్లు, అనగా సుమారు నాలుగంగుళములు, కురిసెననుకొనుడు. ఆ నీరు 100 కోట్ల లీటర్లు. అందు సగము నేలలో ఇంకినను తక్కిన 50 కోట్ల లీటర్లు కొన్ని గంటలలో ఒక్క ఇరుకు కోనగుండ దిగవలసియుండును. అహోబిలమున భవనాశి, ఆళ్లగడ్డవైపున వక్కిలేరు, మన ప్రాంతమున జుర్రేరు మొదలగు ఏరులు ఉదయమున పాదములు తడియునంతగా నుండి సాయంకాలమునకు దాటరానివగుటలో వింతలేదు.

కొండలన్నియు ఒకే తీరున నీటిని విడువవు. ఎఱ్ఱమలలో సున్నపురాయి విస్తారము. నీరు దాని పగుళ్లలో దిగి, రాతిని కరగించుచు, గుహలను తొలచును. 3,229 మీటర్ల పొడవుగల బెలుము గుహలు అట్లేర్పడినవి. యాగంటి పుష్కరిణికి ఏడాది పొడుగునను నీరు వచ్చుట కొండలోని ఊటవలననే. నల్లమలలోని నిట్రమైన వాలులమీద నీరు నిలువక వెంటనే దిగును. అయినను వాన మిక్కిలి వేగముగా కురిసినపుడు సున్నపురాయియు నంతయు త్రాగజాలదు.

చెయ్యేటి పాఠము

2021 నవంబరు 19 తెల్లవాఱుజామున ఒక వాయుగుండము చెన్నపట్టణమునకును పుదుచ్చేరికిని నడుమ తీరము దాటినది. అది పెనుతుపాను కాదు. అయినను ఆ దినములలో శేషాచలము, పాలకొండల ప్రాంతమున అతిభారీ వర్షములు కురిసి, తిరుమల కనుమదారులు దెబ్బతిన్నవి. రాజంపేటయొద్ద చెయ్యేటిపైనున్న అన్నమయ్య జలాశయపు మట్టికట్ట ఆ ఉదయముననే తెగిపోయెను. దిగువనున్న పల్లెలు మునిగినవి. పలువురు ప్రాణములు కోల్పోయిరి. వాయుగుండము ఎంత చిన్నదని కాదు, ఆ వాన ఏ కొండపై కురియుచున్నది, ఆ నీరు ఏ దారిని దిగును అని అడుగవలయునని ఈ విపత్తు మనకు నేర్పుచున్నది.

సూచనను చదువు విధము

భారత వాతావరణ శాఖ 1875లో స్థాపింపబడినది. నేడు ఆ శాఖవారు ఉపగ్రహములను, రాడారులను, గణనయంత్రములను ఉపయోగించి కొన్ని దినములకు ముందుగను, ఉఱుములు మెఱుపులు గల వానలకైతే రాబోవు మూడు గంటలకును సూచనలిచ్చుచున్నారు. అందలి మాటలకు నిర్ణీతమైన అర్థములు కలవు. 24 గంటలలో 64.5 మిల్లీమీటర్లు మొదలు 115.5 వఱకు కురిసినది "భారీ వర్షము"; 115.6 మొదలు 204.4 వఱకు "అతిభారీ". అంతకు మించినది "అత్యంత భారీ". ఆకుపచ్చ రంగు హెచ్చరిక లేదని తెలుపును. పసుపు గమనించుచుండుడని, నారింజ సిద్ధముగా నుండుడని, ఎఱుపు వెంటనే పూనుకొనుడని తెలుపును.

అన్నిటికంటె మనము గ్రహింపవలసినది "ఒకటి రెండు చోట్ల" అను మాట. ఒక ప్రాంతమందలి వానకొలత కేంద్రములలో నాల్గవవంతునకు మించనిచోట్ల వాన పడునని దీని భావము. దీనిని విని పెక్కురు "మన యూర పడదు" అని ఊరకుందురు. కాని ఆ ఒక్కచోటు ఏది? గాలికి ఎదురుగా నిలిచిన కొండ యగుట కవకాశము మెండు. సూచన జిల్లాకంతకు చెప్పబడును. వాగు మాత్రము తన తలాపుననున్న కొండ మాటయే వినును. కాబట్టి కొండయడుగున నుండువారు "ఒకటి రెండు చోట్ల భారీ వర్షము" అనుదానిని తమకే చెప్పినట్లు ఎంచవలయును.

రైతునకు కలుగు ఫలము

ఈ కాలపు సూచన ప్రాణరక్షణకే కాక పంటకును ముఖ్యము. స్వాతి, విశాఖ కార్తెలనాటికి మన రేగడిలో శనగ విత్తుదురు. నేలలోని పదునే దానికి ఆధారము. విత్తుటకు ముందు వచ్చు వాన మేలు. విత్తిన మఱునాడు వచ్చు జడివాన విత్తనమును కుళ్లించును. మన యూరి పేరు దేశమంతట వినిపించుచున్న బేనిషా మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ చెట్టు బాగుగా పూతకు వచ్చుటకు నవంబరు, డిసెంబరు మాసములందు పొడియు చలియు కావలయును. అప్పుడు వానలు ఎక్కువైనచో క్రొత్త చిగురు వేసి పూత ఆలస్యమగును, తఱుగును. నాలుగు దినములకు ముందు తెలిసిన వాన, తెలియని వానవలె నష్టపెట్టదు.

మనము చేయదగిన పని

బాలబాలికలారా, వాతావరణమును పరిశీలించుటకు గొప్ప యంత్రములు లేకున్నను ప్రారంభింపవచ్చును. అడుగునుండి అంచువఱకు ఒకే వెడల్పుగల పాత్రనొకదానిని చెట్లకు, గోడలకు దూరముగా ఆరుబయట నిలుపుడు. ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు అందలి నీటి లోతును మిల్లీమీటర్లలో కొలిచి పుస్తకమున వ్రాయుడు. కొండదాపున నివసించు విద్యార్థి తన యింటివద్దను, ఊరిలో నుండువాడు పాఠశాలయందును ఇట్లే కొలిచి వారమునకొకసారి పోల్చిచూడుడు. పత్రికలో వచ్చిన సూచనను ప్రక్కన వ్రాయుడు. ఒక్క కార్తికమాసము ఇట్లు చేసినచో, కొండకును మైదానమునకును గల భేదము మా మాటలకంటె ఆ అంకెలే మీకు బాగుగా చెప్పగలవు.

తల్లిదండ్రులకు మా విన్నపము ఒక్కటే. కొండవైపున మబ్బు దట్టముగా నున్నపుడు, వాగునీరు రంగుమారి పుల్లలు, ఆకులు కొట్టుకొనివచ్చుచున్నపుడు, ఇచట ఎండ కాయుచున్నను పిల్లలను వాగు దాటనీయకుడు. బడికి ఒకపూట ఆలస్యమైనను లోటులేదు. వాగు రేపటికి తగ్గును. పోయిన ప్రాణము తిరిగిరాదు.