స్విచ్చి గుంజితే కరెంటు పోయినట్టేనా?

దసరా సెలవులకు మనం తండాలకు, పెంటలకు పోతాం. అది పల్లికాయ విత్తే కాలం. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఫీజు పోతే లైన్‌మన్ వచ్చేదాకా ఎవరూ ఆగరు. "స్విచ్చి గుంజినం, ఇంకేం కాదు" అని ఒకాయన ఎక్కుతాడు.

ఆ ఏబీ స్విచ్చికి మూడు కత్తులుంటాయి. తుప్పుపట్టి రెండే తెరుచుకొని మూడోది అంటుకొనే ఉంటే? కింద ఉన్నవాళ్ళకు తెలియదు. ఆ ఒక్క తీగ 11,000 వోల్టుల లైనుది. పాత 60 వాట్ల బల్బు పావు ఆంపియరు తీసుకుంటుంది. అందులో సగం కూడా అక్కరలేదు, 0.1 ఆంపియరు గుండెలోంచి పోతే మనిషి చావవచ్చు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను 440కి దించుతుంది. అటునుంచి కరెంటు ఎక్కిస్తే అదే పెంచుతుంది! పెండ్లి ఇంట్లో మెయిన్ తీయకుండా జనరేటర్ పెడితే, ఆపిన లైనులోకి మళ్ళీ వేల వోల్టులు వస్తాయి.

అందుకే లైన్‌మన్లు సబ్‌స్టేషన్ నుంచి 'ఎల్‌సీ', అంటే లైన్ క్లియర్ తీసుకుంటారు. తీసుకున్నాయనే తిరిగి ఇచ్చేదాకా లైను వేయకూడదు. తీగలో కరెంటు లేదని పరీక్షించి, పని చేసే చోటుకు రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలించాకే చెయ్యి పెట్టాలి. మన నాగర్‌కర్నూల్ జిల్లాలోనే, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో 2020 ఆగస్టు 20 రాత్రి మంటలు లేచి 9 మంది చనిపోయారు. అది లైను ప్రమాదం కాదు కానీ, వాళ్ళంతా ఆ పని తెలిసినవాళ్ళే. మరి ఏమీ నేర్వని మన నాయన, మన అన్న ఏ ధైర్యంతో ఎక్కుతున్నట్టు?

బోరు మోటరు తీసేటప్పుడు కూడా పైకి చూడాలి. చేనులో 11 కేవీ తీగ నేలకు 4.6 మీటర్ల ఎత్తుకు తగ్గకూడదని నియమం, అంటే 15 అడుగులు. పైపు 20 అడుగులు! నిలబెడితే ఏమైతదో లెక్క చేయండి. తగలనక్కరలేదు, బాగా దగ్గరికి పోయినా కరెంటు దూకుతుంది.

తెగిపడ్డ తీగ దగ్గర నేలలో కూడా కరెంటుంటుంది. రెండు కాళ్ళ మధ్య ఎడం ఎక్కువైతే ఒంట్లోకి ఎక్కువ పోతుంది. బర్రెలు, ఎడ్లు అట్లనే చస్తాయి. దగ్గర్లో ఉంటే కాళ్ళు జోడించి చిన్నచిన్నగా జరుగుతూ దూరం పోవాలి. ఎండుకట్టెతో తీగ తప్పించమని పుస్తకాల్లో ఉన్నది ఇంటి కరెంటుకే, పెద్ద లైనుకు కాదు. లైను ఆగేదాకా పడ్డవాళ్ళను సైతం ముట్టుకోవద్దు. వెంటనే 1912కు ఫోన్ చేసి, ట్రాన్స్‌ఫార్మర్ మీద రంగుతో రాసిన నంబరు చెప్పాలి.