ఫెరార్‌గంజ్‌లో మొదటి వెల్డింగ్ మిషను

కొత్తగా వెల్డింగ్ పనిలోకి దిగే కుర్రాళ్లు ముందు అడిగేది ఒకటే: "ఎన్ని ఆంపియర్లది కొనమంటారు?" గాజువాకలోనో రాజమండ్రిలోనో అయితే ఆ ప్రశ్నతో మొదలుపెట్టినా ఫరవాలేదు. అండమాన్ దీవుల్లోని ఫెరార్‌గంజ్‌లో ఉంటున్నవాళ్లు మాత్రం ముందు కరెంటు మీటరు దగ్గరకు వెళ్లాలి. మీకిచ్చిన లోడు ఎన్ని కిలోవాట్లు? సాయంత్రం అందరూ లైట్లు వేసే వేళ వోల్టేజి ఎంతకి పడుతోంది? మీటరు నుంచి మీరు పని చేసే చోటికి వైరు ఎంత దూరం లాగాలి? ఇవి తేలితే ఏ మిషను కొనాలో సగం తేలిపోయినట్టే.

అండమాన్ దీవులకు ప్రధాన భూభాగపు గ్రిడ్‌తో లంకె లేదు. ఇక్కడి కరెంటులో ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్లు తిప్పి తీసేదే, ఆ డీజిలూ సముద్రం మీద రావలసిందే. లైన్లు చెట్ల మధ్య నుంచి, వక్కతోటల పక్క నుంచి పోతాయి. లైను చివరి ఇళ్లకు చేరేసరికి 230 వోల్టులు 190 అయ్యాయంటే పెద్ద వింతేమీ కాదు. మిషను మీద అతికించిన చీటీలో 230కి 15 శాతం అటూ ఇటూ అని రాసి ఉంటే, 195 కిందికి దిగగానే అది మొరాయిస్తుంది. కాబట్టి కొనబోయేముందు నాలుగు రోజులు వేళకో మారు మల్టీమీటరు పెట్టి చూసి రాసుకోండి. వోల్టేజి తరచూ పడేచోట 160 దగ్గర కూడా నడిచే మిషను వెతకాలి. ధర కొంచెం ఎక్కువైనా అదే మేలు.

ఇక లోడు లెక్క. గేట్లకీ కిటికీ గ్రిల్లులకీ వాడే 2.5 మి.మీ. రాడ్డుకి 80 ఆంపియర్లు చాలు. అప్పుడు ఓ మోస్తరు ఇన్వర్టర్ మిషను సాకెట్ నుంచి లాగేది సుమారు 14 ఆంపియర్లు, అంటే గీజరుకి పెట్టుకునే 16 ఆంపియర్ల సాకెట్ సరిపోతుంది. రేకుల షెడ్డు ట్రస్సుల కోసం 3.15 రాడ్డు పట్టి 120 పెట్టారనుకోండి, లాగుడు 22, 23 దాకా పోతుంది. ఆ సాకెట్‌లోనే పెడితే ముందు ప్లగ్గు వేడెక్కుతుంది, తర్వాత ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది. మీటరు బోర్డు నుంచి 6 చదరపు మి.మీ. రాగి వైరుతో విడిగా లైను లాగించి, 32 ఆంపియర్ల ఎం.సి.బి., దానితోపాటు షాక్ కొడితే కరెంటు ఆపే ఆర్.సి.సి.బి. పెట్టించండి. ఇంటి కనెక్షను మీద నాలుగు రోజులు నేర్చుకోవచ్చేమో గానీ, డబ్బులకు పని మొదలుపెట్టాక విద్యుత్ శాఖ ఆఫీసుకు వెళ్లి లోడు పెంచమని, వ్యాపార కనెక్షను ఇమ్మని అడగడమే మంచిది. జరిమానా కట్టేకంటే దరఖాస్తు పెట్టుకోవడం చవక.

ఎవరో ఒకరు పాత ఆయిల్ మిషను ఉంది, చవకగా ఇస్తానంటారు. దాన్ని నేను తక్కువ చేయను. లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉండదు, తేమకి బెదరదు, రాగి చుట్టలు కాలితే మళ్లీ చుట్టించుకోవచ్చు. కానీ అందులో చాలావాటికి రెండు ఫేజులు కావాలి, కరెంటు కూడా తెగ తాగుతుంది, కదపాలంటే ఇద్దరు మనుషులుండాలి. తుస్నాబాద్‌లోనో వింబర్లీగంజ్‌లోనో ఇంటికెళ్లి గేటు బిగించాల్సి వస్తే ఏం చేస్తారు? బండి మీద పెట్టుకుని పోగలిగే ఏడెనిమిది కిలోల ఇన్వర్టరే మొదటి మిషనుగా నయం. మిగ్ మిషను అతుకు నున్నగా వేస్తుంది, నిజమే. దానికి గ్యాస్ సిలిండరు కావాలి, గాలి తగిలితే గ్యాస్ చెదిరిపోయి అతుకులో బుడగలొస్తాయి. ఆరుబయట పని ఎక్కువగా ఉండే చోట మొదటి మిషనుగా అది వద్దు. సిలిండరు ఎక్కడ నింపుతారో, ఎన్నాళ్లకు తిరిగొస్తుందో తెలిశాక రెండో మిషనుగా చూసుకోవచ్చు.

దుకాణాల్లో డబ్బా మీద 200, 250 అని పెద్ద అంకెలుంటాయి. వాటిని చూసి మురిసిపోవద్దు. అడగాల్సింది డ్యూటీ సైకిల్. 160 ఆంపియర్ల దగ్గర 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు కాల్చి నాలుగు నిమిషాలు ఆగాలని అర్థం, అదీ 40 డిగ్రీల వేడిలో. ఆ సంగతి ఎక్కడా రాయని మిషను 200 అంటే దాన్ని 120దే అనుకోండి. కొనేటప్పుడు మీ రాడ్లు, ఓ ఇనుప పట్టీ ముక్క వెంట తీసుకెళ్లండి. 3.15 రాడ్డు పెట్టి ఆగకుండా మూడు రాడ్లు కాల్చండి. మూడోది పూర్తయ్యేసరికి హీట్ లైటు వెలిగితే, రోజంతా పనికి అది పనికిరాదు. ఎలక్ట్రీషియన్ స్నేహితుడెవరైనా ఉంటే టాంగ్ టెస్టర్ తెమ్మనండి. నాబు మీద 150 అని ఉన్నప్పుడు కేబులులో నిజంగా ఎంత పోతోందో రాడ్డు కాలుతుండగానే తేలిపోతుంది. దుకాణదారు మొహం కూడా చూడాలి అప్పుడు.

ఇక్కడి తేమ ఒక్కటే చాలు మిషన్లను చంపడానికి. రెండు రుతుపవనాలూ తగిలే దీవులు, ఏడాదికి సుమారు 3,000 మి.మీ. వాన, పైన ఉప్పుగాలి. ఇన్వర్టర్ లోపల ఫ్యాను ఆ గాలినే పీల్చి బోర్డు మీదికి కొడుతుంది. అందుకని పై మూత తీయించి, బోర్డుకి లక్క పూసినట్టు మెరిసే పూత ఉందా లేదా చూడండి. ఉంటే మిషను ఎక్కువకాలం బతుకుతుంది. పని లేని రోజుల్లో కూడా వారానికోసారి అరగంట ఆన్ చేసి వదిలేయండి, లోపలి చెమ్మ ఆరుతుంది. చెమటతో తడిసిన చొక్కాతో పని చేసేవాళ్లు వి.ఆర్.డి. ఉన్న మిషనే తీసుకోవాలి. రాడ్డు తాకించనప్పుడు హోల్డరు కొసన 60 నుంచి 80 వోల్టులు నిలబడి ఉంటాయి, తడి చేతికి ఆ మాత్రం చాలు. వి.ఆర్.డి. దాన్ని బాగా తగ్గించేస్తుంది. మొదటి నిప్పు రాజుకోవడం కాస్త కష్టమవుతుంది, అంతే.

మిషను ఎంత మంచిదైనా చెమ్మ పట్టిన రాడ్డుతో అతుకు కుదరదు. ఐఎస్ 814 ముద్ర ఉన్న 6013 రాడ్లు ఒక్కో పాకెట్టే కొనండి, చవకని పెట్టెల కొద్దీ తేవద్దు. రెండు రాడ్లు ఒకదానికొకటి తట్టి వినండి. పొడిగా ఉన్నవి ఖణేల్‌మంటాయి, చెమ్మగా ఉన్నవి మట్టిముద్ద తట్టినట్టు మోగుతాయి. పూత మీద తెల్లటి పొడి తేలితే దానితో పైపులు కలపకండి. 6013ని 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఓ గంట ఆరబెడితే చాలు. అంతకు మించి కాలిస్తే పూత పాడవుతుంది. 7018 రకం రాడ్లని మాత్రం 300 డిగ్రీలు దాటి కాల్చాలి, ఓవెన్ లేనివాళ్లు దాని జోలికి పోవద్దు. రోజువారీగా అయితే రేకు పెట్టెలో 60 వాట్ల బల్బు వేసి రాడ్లు అందులో ఉంచితే చాలు.

మిషనుకి ఎంత పెడతారో, మిగతావాటికి దాదాపు అంతే పక్కన పెట్టుకోండి. డబ్బాలో వచ్చే కేబుళ్లు పొట్టివి, పలచనివి, ఒక్కోసారి రాగి పూసిన అల్యూమినియమే. 16 చదరపు మి.మీ. రాగి కేబులు ఐదు మీటర్లైనా విడిగా కొనాలి. నల్లద్దం షేడు 10 లేదా 11 ఉండాలి. ఆర్క్ మంట కళ్లలో పడితే నొప్పి వెంటనే రాదు, కొన్ని గంటలాగి రాత్రి నిద్రలో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. దానికి బంగాళాదుంప ముక్కలు పెట్టుకోకండి, డాక్టరుకి చూపించండి. ఇక్కడ జి.ఐ. పైపు పని ఎక్కువ కాబట్టి మరో మాట. అతుకు వేసే చోట జింకు పూతని గ్రైండరుతో అంగుళం మేర గీకేయాలి, గాలికి ఎదురు నిలబడకూడదు. ఆ తెల్లపొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే విరుగుతుందనేది ఒట్టి నమ్మకం. అతుకు పడ్డాక పై పొర స్లాగ్ కొట్టేసి, జింక్ రిచ్ ప్రైమర్ ఆ పూటే పూయాలి. ఇక్కడ తెల్లారేసరికి తుప్పు పట్టేస్తుంది.

2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. కాబట్టి విశాఖలో మామయ్యో బావో ఉండనే ఉంటారు. వాళ్ల చేత కొనిపించి ఓడలో తెప్పిస్తే రెండు మూడు వేలు మిగలవచ్చు. అయితే మిషను చెడితే అదే ఓడలో తిరిగి పంపాలి, వారంటీ చీటీ ఎంత పెద్దదైనా సముద్రాన్ని దాటించే బాధ్యత మీదే. బోర్డు రిపేరు చేసేవాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో ఏ కంపెనీకి ఉన్నారో ముందు కనుక్కోండి (2024 నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం). ఆ కంపెనీవే కొనండి, నాలుగు వందలు ఎక్కువైనా సరే.

అప్పు కావాలంటే ముద్ర పథకంలో శిశు కింద 50,000 దాకా బ్యాంకులు ఇస్తాయి. మిషను, కేబుళ్లు, గ్రైండరు, నల్లద్దం, చేతి తొడుగులు, తోలు ఆప్రాన్ అన్నీ కలిపినా దాని కిందికే వస్తాయి. అంతకన్నా పెద్ద అప్పు మొదటి ఏడాది వద్దు. పీఎం విశ్వకర్మలో ఉన్న 18 వృత్తుల్లో కమ్మరం ఉంది, వెల్డర్ అనే పేరు లేదు. తాతల నాటి కొలిమి పని ఇంట్లో సాగుతున్నవాళ్లు అందులో పేరు రాయించుకుంటే పనిముట్లకు 15,000 రూపాయల సాయం దొరుకుతుంది. ఐటీఐ వెల్డర్ కోర్సు ఏడాదే, ఎనిమిదో తరగతి పాసైతే చాలు. మిషను చేతికి వచ్చిన నెలలోనే ఎవరి ఇంటి మెట్ల రెయిలింగో ఒప్పుకోకుండా, తుక్కు పైపుల మీద రాడ్ల పాకెట్లు నాలుగు ఖర్చు పెట్టండి.