చౌడు, బాన, ఉబ్బ

సోడియం కార్బొనేట్ పాఠం విన్న రోజున నాకు మా చెరువుకింది చౌడుమడి గుర్తుకొచ్చింది. రైతుబిడ్డను గనుక చౌడంటే నాకు తెలిసిన అర్థం ఒక్కటే: పంట రాని నేల. ఎండాకాలం తెల్లగా పేలుతుంది, వేసిన నారు ఎర్రబడి చస్తుంది. ఆ మన్నే మా ఊరి చాకిరేవుకు సబ్బని మొన్న సెలవుల్లోగాని తెలియలేదు.

చెప్పింది, మా ఇంటి బట్టలు నలభై ఏళ్ళు ఉతికిన అవ్వ. చిన్నప్పుడు మా ఇంట్లో అందరిలాగే నేనూ ఆమెను పేరుపెట్టి పిలిచేవాణ్ణి. ఈసారి ‘అవ్వా’ అంటే, ఇంకెవర్నో అనుకుని వెనక్కి చూసింది.

సేద్యపు మాటలకు 1962లోనే భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం వచ్చింది. మా నాన్న నాగలి మాటలు అందులో దొరుకుతాయి. ఇక అవ్వ మాటలు వినండి.

బాన అంటే పెద్ద కడుపున్న మట్టికుండ. (అవ్వ బాన కింద ఇప్పుడు కోడిపిల్లల్ని కమ్ముతున్నారు.) అందులో నీళ్ళు కాగబెట్టి, చౌడునీళ్ళలో ముంచి పిండిన బట్టల్ని పైన పేర్చి, కప్పేసి, రాత్రంతా ఆవిరి పట్టిస్తారు. అదే ఉబ్బకు వెయ్యడం. బట్టకు పట్టిన జిడ్డూ, చౌడులోని క్షారమూ ఆ వేడికి కలిసి అక్కడికక్కడే సబ్బవుతాయి. మనం పరీక్షల్లో రాసే సపోనిఫికేషన్ ఇదేగదా! తెల్లారి బండమీద ఉతికి జాడిస్తే సరి.

“పట్టుచీర ఉబ్బకెయ్యకూడదు నాయనా, పోగు చచ్చిపోద్ది” అంది. పట్టు ప్రోటీను, క్షారానికి ఆగదు. దానికి కుంకుడు రసమే.

గుర్తు అంటే ఎవరి బట్ట ఏదో తెలియడానికి నల్లజీడిగింజ రసంతో అంచున పెట్టే చుక్క. ఎన్ని ఉతుకులకూ పోదు. మా ఇంటిది మూడు చుక్కలట. నాయనమ్మ పాత చీర తీసి చూస్తే ఉన్నాయి.

ఇక చౌడుమడి సంగతి. మా తాత దానికి జిప్సం తోలించి బాగుచేశాడు. కాల్షియం చేరి సోడియాన్ని వెళ్ళగొట్టింది, వరి పండింది. మా ఇంట్లో గొప్పగా చెప్పుకునే కథ ఇది. అవ్వేమో ఆ ఏటినుంచి చౌడుకోసం పక్కూరికి నడిచిందట.

“తాతను అడగలేదా?” అన్నాను.

“అడిగేదాన్నా, బాబూ?” అంది.

ఉతికినందుకు కళ్ళంలో కొలిచిచ్చే గింజల్ని మేర అంటారు. మడి బాగై గింజలు పెరిగినా, మేర మాత్రం పెరగలేదట.